అనకాపల్లిలో రెండు చక్రాలు

అనకాపల్లి వెళ్లి వచ్చానంటే “మరి బెల్లం ఏదీ?” అని అడగనివారు నాకింతవరకూ తగలలేదు. గడచిన మాఘమాసానికీ ఉగాదికీ మధ్య ఆ వూరికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ బెల్లం మరిచి వచ్చాను. మరవక ఏం చేస్తాను? మొదటిసారి రాజమండ్రిలో రైలెక్కినప్పుడు నా రెండు చేతుల్లో రెండు గోనెసంచులూ, వాటిలో రెండు మోటారు సైకిలు చక్రాలూ వున్నాయి. టైర్లతో సహా.

తెలుగు మేస్టారి చేతిలో పుస్తకం వుంటే ఎవరూ ఏమీ అడగరు. చక్రం వుంటే ప్రతివారూ అడుగుతారు. సామర్లకోట దాటకముందే ఒకాయన సంచి తడిమి చూశాడు. అన్నవరం వెళ్తున్న ఒక పెద్దమ్మగారు “స్వామివారి రథానికా నాయనా?” అని భక్తితో అడిగారు. తుని వచ్చేసరికి నా చక్రాల చరిత్ర పెట్టెలో అందరికీ తెలిసిపోయింది. పాఠకులకు కూడా అది ఇక్కడే చెప్పేస్తే మంచిది.

మా నాన్నగారు అనకాపల్లి ప్రాంతంలో ఒక చక్కెర మిల్లులో ఫీల్డుమన్. రైతుల చెరుకు తోటలు చూసి, ఏది పక్వానికి వచ్చిందో తేల్చి, కటింగ్ ఆర్డర్లు పంచే ఉద్యోగం. మునగపాక, కశింకోట, చోడవరం, అచ్యుతాపురం — ఏ దిక్కున చూసినా తోటలే. సైకిలు మీద తిరిగి తిరిగి మోకాళ్లు అరిగాక 1972లో అప్పు చేసి ఒక బుల్లెట్ కొన్నారు. 350 సీసీ బండి, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారైనది. ఈ బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులో రెడ్డిచ్ అనే పట్టణం. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీకి ఈ బండ్లను ఎంచుకొంది. 1955లో మద్రాసు మోటార్స్ వారు రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఇక్కడే తయారీ మొదలుపెట్టారు. మొదట్లో విడిభాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. క్రమంగా అన్నీ ఇక్కడే చేయడం నేర్చుకొన్నారు. చివరకు చిత్రమేమిటంటే, రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, తిరువొత్తియూరు బిడ్డ మాత్రం బతికింది. మా నాన్నగారి బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. ఇప్పటి కుర్రవాళ్లెక్కితే గేరు వేయబోయి బ్రేకు తొక్కుతారు.

1998లో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. బండిని నూతి దగ్గర శుభ్రంగా కడిగి, తడి ఆరేదాకా ఆగే ఓపిక లేక, అలాగే టార్పాలిన్ కప్పి, తాడు బిగించి పశువుల పాకలో పెట్టాను. పెట్టి చదువుకు వెళ్లిపోయాను. ఆ తరువాత పదమూడేళ్లు, నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన మంచంలోంచి అడిగేవారు, “బండెలా వుందిరా?” అని. “బాగానే వుంది నాన్నగారూ” అనేవాణ్ని. నిజానికి ఒక్కసారి కూడా తాడు విప్పి చూడలేదు. టార్పాలిన్ మాత్రం బాగానే వుండేది.

2011లో ఆయన వెళ్లిపోయారు. బండిని, అమ్మనూ రాజమండ్రి తెచ్చుకొన్నాను. ఇంజను బాగుచేయించడానికి నా జీతమూ, ఆ మెకానిక్కుల తీరికా కుదరక ఏళ్లు పట్టింది. చివరికి చక్రాలు మిగిలాయి. రిమ్ముల మీది మెరుగు బొబ్బలెక్కి పొరలుగా లేస్తోంది. గోటితో గీస్తే ఎర్రటి పొడి రాలుతోంది. “ఇవి తూకానికేసి కొత్తవి తెచ్చుకోండి సార్” అని మా వీధి చివర కుర్రవాడు తేల్చేశాడు. అప్పుడు మా అమ్మ అంది, “అనకాపల్లిలో మీ నాన్న బండికి బెండు తీసే ఆయన వుండాలి. వున్నాడేమో కనుక్కో.” బెండు తీయడమంటే వంకరపోయిన చక్రాన్ని సరిచేయడం. కనుక్కొన్నాను. వున్నాడు.

కశింకోట దాటగానే శారదానది వంతెన. మాఘంలో శారద అంటే ఇసుకా, ఆ ఇసుక మధ్య దారి వెతుక్కొనే నాలుగు నీటి పాయలూను. వంతెన దిగితే అనకాపల్లి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది జిల్లా కేంద్రం. కొత్త బోర్డులు చాలా కనిపించాయి గాని, స్టేషను బయట గాలిలో తీపివాసన మాత్రం నా చిన్ననాటిదే.

గవరపాలెం వైపు పోయే దారిలో ఒక సందు, ఆ సందులో రేకుల పాక. డెబ్భై అయిదేళ్లు దాటిన ముసలాయన, కళ్లజోడు దారంతో కట్టుకొని, సైకిలు చక్రం ఒకటి తిప్పుతున్నారు. నేను పేరు చెబితే గుర్తుపట్టలేదు. గోనెసంచి విప్పి వెనక చక్రం చూపించగానే, “ఫీల్డుమేన్ బాబుది కదేటి!” అన్నారు. మనిషిని మొహం చూసి గుర్తుపడతాం మనం. ఆయన హబ్బు చూసి గుర్తుపట్టారు.

“రెండూ మళ్లీ ఎప్పట్లా మెరవాలి పెద్దాయనా. ఎంతయినా ఇస్తాను” అన్నాను.

“మెరుపుదేటుంది మేస్టారూ, లోన సూడనీండి” అని ముందు చక్రం టైరు ఊడదీశారు. లోపల, ట్యూబుకు చువ్వలు గుచ్చుకోకుండా వేసే రబ్బరు పట్టీ వుంది. దాని కింద తుప్పు వుంది గాని పలచగా, పొడిగా వుంది. తరువాత వెనక చక్రం టైరు లాగారు. అందులో రబ్బరు పట్టీ లేదు. ఏదో గుడ్డ, రెండు మూడు చుట్లు చుట్టి వుంది. సగం మట్టయిపోయింది. జాగ్రత్తగా లాగితే కాస్త మిగిలిన చోట ముదురాకుపచ్చ రంగూ, ఎర్రటి అంచూ కనిపించాయి. నేత చీర పీలిక.

“ఇది నా సేతి పని కాదు” అన్నారాయన. “పట్టీ దొరకని సోట టైరు పేలిపోనాదేమో, బాబే సుట్టుకున్నారు. నూలుగుడ్డ నీరు తాగుతాది, ఒగ్గదు.”

రిమ్ము తుప్పు సంగతి నాకప్పుడు ఆయనే విడమర్చి చెప్పారు. మనం పైన చూసి తుప్పు పైనుంచి లోపలికి పోతుందనుకొంటాం. రిమ్ములో అది తలకిందులు. చువ్వల బెజ్జాల నుంచీ, గాలి కొట్టే వాల్వు బెజ్జం నుంచీ నీరు లోపలికి దిగుతుంది. లోపల అసలే మెరుగుపూత పలచన. పూత వేసేటప్పుడు విద్యుత్తు ఎత్తుగా వున్న చోటికి బాగా వెళుతుంది, గుంటలోకి, మూలలోకి సరిగా దిగదు. కాబట్టి బయట అద్దంలా వున్న రిమ్ముకు లోపలి గాడిలో పూత వుందో లేదో అన్నట్లుంటుంది. తుప్పు అక్కడ మొదలై బెజ్జాల చుట్టూ తింటూ బయటికి వస్తుంది. బయట మనకు బొబ్బ కనిపించేనాటికి లోపల కథ చాలావరకు అయిపోతుంది.

“కడిగి తడిగా పెట్టడం వల్ల పోయిందా, ఈ గుడ్డ వల్లనా?” అని అడిగాను.

“రెండూనూ” అన్నారాయన, మొహమాటం లేకుండా.

పాక వెనక ఒక నీలం డ్రమ్ము. మూత తీస్తే కుళ్లిన తీపివాసన గుప్పుమంది. చక్కెర మిల్లులో పంచదార తీయగా మిగిలే నల్లటి మడ్డి వుంటుందే, మొలాసిస్, పశువుల దాణాలో కలుపుతారు, అది ఒక వంతూ, నీళ్లు తొమ్మిది వంతులూ కలిపి వుంచారు. తుప్పు పట్టిన ఇనుమును అందులో నిలువునా ముంచి రెండు వారాలు మరిచిపోవాలట. యాసిడ్డు అయితే తుప్పుతోపాటు మంచి ఇనుమునూ తింటుంది. మడ్డి తుప్పునే తింటుంది, ఇనుము జోలికి పెద్దగా పోదు. అయితే పూర్తిగా మునగాలి. సగం మునిగి సగం తేలితే నీటి గీత దగ్గర ఇనుము మీద చార పడుతుంది. అల్యూమినియం మాత్రం అందులో వేయకూడదు, పాడైపోతుంది. నేను కాలేజీకి తిరిగి వెళ్లాక రసాయనశాస్త్రం చెప్పే మిత్రుణ్ని అడిగితే, దీన్ని ‘కీలేషన్’ అంటారనీ, గ్రీకు భాషలో పీత డెక్క అనే మాట నుంచి ఆ పేరు వచ్చిందనీ, మడ్డిలోని కొన్ని పదార్థాలు తుప్పులోని ఇనుమును డెక్కలతో పట్టినట్లు పట్టి నీళ్లలోకి లాగుతాయనీ చెప్పాడు. ఇటువంటి పాత బండ్ల మోజున్న వాళ్లు ఇతర దేశాలలోనూ ఈ పద్ధతే వాడతారట. జీవితమంతా చెరుకు తోటల్లో తిరిగిన మనిషి చక్రాలకు చివరికి చెరుకే వైద్యం చేయడం నాకు నచ్చింది. ఆ మాట ముసలాయనతో అంటే, “మడ్డి సవగ్గా వస్తాదని వోడతన్నాను బాబూ” అన్నారు.

చువ్వలు విప్పే ముందు ఆయన ఒక బద్దను హబ్బుకు ఆనించి, రిమ్ము దానికి ఎంత పక్కగా వుందో గీత పెట్టుకొన్నారు. బుల్లెట్ చక్రం పందొమ్మిది అంగుళాలు, చువ్వలు నలభై. రిమ్ములో ప్రతి బెజ్జమూ ఒక చిన్న గుంటలో వుంటుంది, ఆ గుంట ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ వాలి వుంటుంది. ఏ చువ్వ ఏ వాలుకు పోవాలో తెలియక బిగిస్తే చువ్వ మెడ దగ్గర విరుగుతుంది. నలభై చువ్వలూ విప్పడానికి ఆయనకు పట్టిన సేపు నేనొక వ్యాసం దిద్దే సేపు కూడా కాదు.

సాయంత్రం రైలుకు ఇంకా వేళ వుండడంతో బెల్లం మార్కెట్టు యార్డు చూడబోయాను. దేశంలో పేరుమోసిన బెల్లం మార్కెట్లలో ఇదొకటి. వరసలు వరసలుగా దిమ్మలు. కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు. పసుపుపచ్చగా మెరిస్తే ధర, నల్లగా వుంటే బేరం. ఆ రంగు కోసం పెనంలో హైడ్రోస్ అనే మందు వేయడం మొదలై చాలాకాలమైంది. అది వేస్తే బెల్లం ఆ పూటకు బంగారంలా వుంటుంది. నిలవ చేస్తే కొన్నాళ్లకు రంగు దిగిపోతుంది. పూర్వం బెండకాడల జిగురు వేసి మురికి తేర్చేవారు. దానితో ఇంత తళుకు రాదు. నేను నల్లబెల్లం ధర అడిగితే ఆ వ్యాపారి నన్ను పైనుంచి కిందికి చూసి, “ఎందుకండీ మీకు?” అన్నాడు. నల్లబెల్లం ఎక్కువగా అడిగితే నాటుసారా కాచేవాడని అనుమానం. తెలుగు మేస్టార్నని చెప్పినా అతని అనుమానం పూర్తిగా తీరినట్లు లేదు. ఆ గాభరాలోనే బెల్లం కొనడం మరిచాను.

రెండు వారాల తరువాత రెండోసారి. ముసలాయన ఇంకా పాకకు రాలేదు. ఆటో కట్టించుకొని శంకరం వెళ్లాను. వూరికి మూడు కిలోమీటర్లు వుంటుందేమో. సంఘారామం అనే మాటే నోట్లో నలిగి శంకరమైందంటారు. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ. కొండ రాతినే తొలిచి గుహలు చేశారు, అదే రాతిని గుండ్రంగా చెక్కి స్తూపాలు చేశారు. గత శతాబ్దం మొదటి దశకంలో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి తవ్వించి పైకి తెచ్చేదాకా చాలాభాగం మట్టికిందే వుంది. లింగాలకొండ మీద వరసగా వున్న చిన్న చిన్న స్తూపాలు లింగాల్లా కనిపించి ఆ పేరు వచ్చింది. పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ల గాలీ వానా తిన్న రాయి. కొన్ని బుద్ధ విగ్రహాలకు ముఖాలు అరిగిపోయాయి. మెట్లు బాగుచేశారు, దారి వేశారు, ముఖాలు మాత్రం ఎవరూ మళ్లీ చెక్కలేదు. ఆ అరిగిన ముఖం ఎదుట కాసేపు కూర్చొని, దిగి, పాకకు వెళ్లాను.

ముందు రిమ్ము డ్రమ్ములోంచి తీసి కడిగితే బూడిదరంగు ఇనుము బయటపడింది. అక్కడక్కడ చిన్న గుంటలు, అంతే. కడిగిన మరుక్షణం ఆరబెట్టి నూనె రాశారు. లేకపోతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. వెనక రిమ్ము తీసి, ఏమీ మాట్లాడకుండా ఎండకు ఎదురుగా పట్టుకొన్నారు. చువ్వల బెజ్జాల పక్కన సూదిమొనంత వెలుగుచుక్కలు. ఒకటి కాదు, నేను ఎనిమిది దాకా లెక్కపెట్టి మానేశాను.

“లోన గుల్లైపోనాది మేస్టారూ.”

“వెల్డింగు పెట్టి, పైన క్రోము వేయిస్తే?”

“ఆ వేడికి రిమ్ము మెలి తిరుగుతాది. తిరగపోనా, అతుకు పక్కన సీలుతాది. నలభై సువ్వలు లాగతంటాయి దాన్ని, బ్రేకు తొక్కితే ఇంకా లాగతాయి.”

నేను వదల్లేదు. డబ్బు సంగతి ఎత్తాను. ఇది మా నాన్నగారు ఎక్కి తిరిగిన చక్రమన్నాను. ఆయన ఓపికగా విన్నారు. “గోడకి తగిలించుకుంతానంటే సెప్పండి, అద్దంలా సేయించిస్తాను. ఎక్కి తిరుగుతానంటే నేనివ్వను” అన్నారు. ఆ తరువాత, “ఎనకాల ఎవురు కూకుంతారు?” అని అడిగారు.

“మా అమ్మాయి. కాలేజీకి దింపాలి.”

ఆయన వెనక రిమ్మును నా కాళ్ల దగ్గర పెట్టి, ముందు రిమ్మును కాగితంలో చుట్టడం మొదలుపెట్టారు. ఇక మాటలు లేవు.

ముందు రిమ్ము విశాఖపట్నం వెళ్లింది, పూతకు. అక్కడి పనివాళ్లు మొదట పాత పూతను ఊడదీస్తారు. తరువాత బఫ్ చక్రం మీద సాన పడతారు. గుంట ఎంత లోతో అంత ఇనుము పోతుంది కాబట్టి, గుంటలు పూర్తిగా పోవాలని పట్టుబట్టడం తెలివి కాదు. ఆ తరువాత రాగి, దాని మీద నికెలు, చివర క్రోమియం. మనం క్రోము క్రోము అంటాం గాని, ఆ చివరి పొర మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా వుండదు. తుప్పును ఆపేది ప్రధానంగా కింద వున్న నికెలు. క్రోమియం నికెలు మాసిపోకుండా కాపాడి, నీలిఛాయ మెరుపు ఇస్తుంది. ఈ పూత వ్యాపారంలోకి వచ్చింది 1920లలో; అంతకుముందు మోటారు సైకిళ్లకు వట్టి నికెలో, నల్ల ఎనామెలో వుండేది. ఆ క్రోమియం తొట్టిలోని ద్రావకం మహా విషం. సంవత్సరాల తరబడి ఆ పని చేసిన వాళ్ల చేతులకు, ముక్కులోపల మానని పుండ్లు పడతాయి. మన బండ్ల తళుకు వెనక అటువంటి చేతులు కూడా వున్నాయి. వెనక చక్రానికి అదే కొలతలో, నలభై బెజ్జాలతో కొత్త స్టీలు రిమ్ము కొన్నాను.

మూడోసారి వెళ్లేసరికి కొత్త అమావాస్య దగ్గరపడింది. నూకాలమ్మ జాతరకు పందిళ్లు వేస్తున్నారు, గవరపాలెం సందుల్లో ఆటో కదలడం లేదు. నడిచి వెళ్లాను. చక్రాలు అల్లడం అయిపోయింది. బెండు తీయడం నా కోసమే ఆపారు.

చక్రాన్ని ఇనుప స్టాండులో వేసి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఒక తీగ బిగించి తిప్పారు. తీగ ఎక్కడ తగిలితే అక్కడ కిర్రుమంటుంది. మొదట ఎత్తుపల్లాలు చూస్తారు, చక్రం కోడిగుడ్డులా లేదు కదా అని. ఆ తరువాతే పక్క వంకర. ఒక్కొక్క చువ్వ నిప్పిలును పావు చుట్టు, అంతే. ఒకటి బిగిస్తే ఎదుటిది కాస్త వదలాలి. నడుమ నడుమ చిన్న పానాతో చువ్వలను వరసగా మీటుతున్నారు. టింగు, టింగు, టింగు, ఒక చోట టొంగు. అక్కడ ఆగి పావు చుట్టు. మళ్లీ మీటి వినడం. ఏ త్యాగరాయ కీర్తనా రాని మనిషి తంబూరా శ్రుతి చేస్తున్నట్లుంది. చివరికి నలభై ఒకే మాట పలికాయి. లోపల నిప్పిలు దాటి పొడుచుకొచ్చిన చువ్వ కొనలను ఆకురాయితో అరగదీసి, రబ్బరు పట్టీ వేసి, దాన్ని వేలితో చుట్టూ నొక్కి చూశారు. “రెండొందల కిలోమీటర్లు తిరిగినాక ఓపాలి సువ్వలు మీటి సూసుకోండి. వదులైతే పావు సుట్టు. మీకు సెవి వున్నాది కదా” అన్నారు.

ముందు చక్రం ఎండలో పెట్టారు. మెరుస్తోంది. దగ్గరగా చూస్తే మెరుపు అడుగున మూడు నాలుగు చోట్ల చిన్న గుంటలు కనిపిస్తాయి. నేనే వాటిని వుంచమన్నాను. వెనక చక్రం కొత్తది, ఏ మచ్చా లేదు, నాకు దానితో ఇంకా పరిచయం కాలేదు.

కూలీ ఇవ్వబోతే ఆయన చెప్పిన మొత్తం విని నేను సిగ్గుపడ్డాను. ఇంకొంత పెడితే తీసుకోలేదు. గుల్లైన పాత రిమ్మునూ, కాగితంలో మడిచి వుంచిన ఆ గుడ్డ పీలికనూ నాకే ఇచ్చేశారు. “మీ నాన్నగోరు కాసిన టీ బాకీ వున్నాను, అలా ఒగ్గీండి” అన్నారు. ఆ బాకీ ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

తిరుగు రైల్లో చోటు దొరకలేదు. ఎలమంచిలి దాకా తలుపు దగ్గర చక్రాల మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

ఇంటికి వచ్చి, అమ్మ ఒళ్లో కాగితం పొట్లం విప్పాను. కళ్లజోడు తెచ్చుకొని, పీలికను వెలుగుకేసి చూసి, ఎర్రంచును వేలితో రుద్దింది. ఎక్కడిదని అడిగింది. చక్రంలోదన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు.

“పొందూరు నుంచి మా అన్నయ్య తెచ్చిపెట్టిన చీరరా ఇది” అంది చివరికి. “రెండుసార్లు కట్టానో లేదో, పెట్టెలోంచి మాయమైంది. మీ పెద్దమ్మే తీసిందనుకొని ముప్పయ్యేళ్లు ఆవిడతో సరిగా మాట్లాడలేదు.”

అని, ఫోను అందుకొని పెద్దమ్మ నంబరు కలిపిమ్మంది.